బాపు వెతికిన తొమ్మిదంకెల నంబరు

మొన్న సైదాబాద్‌లో ఒక ఫోను దుకాణానికి వెళ్లాను. పాత సిమ్ము మొరాయించింది, కొత్తది తీసుకుందామని. దుకాణం అబ్బాయి ఒక కాగితం నా ముందు పెట్టి, "ఫ్యాన్సీ నంబర్లున్నయ్ ఆంటీ, సూస్కోండ్రి. మూడు తొమ్మిదులది ఉన్నది, నాలుగు సున్నలది ఉన్నది" అన్నాడు.

నేను కాగితం వంక చూడకుండానే, "మూడు ఎనిమిది ఒకటి ఆరు అయిదు నాలుగు ఏడు రెండు తొమ్మిది సున్నా ఇయ్యి" అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. "మూడుతోని ఫోను నంబరే షురూ గాదు ఆంటీ. అయినా గా నంబరుల ఏమున్నది? డబుల్ లేదు, ట్రిపుల్ లేదు. ఎవ్వలకు యాదికుంటది?"

నాకుంటుంది నాయనా. యాభై ఏళ్ల పైనుంచి ఉంది. నా పెళ్లి రోజు మరిచిపోయి మా ఆయనతో మాటలు పడ్డ సందర్భాలున్నాయి గానీ ఆ నంబరు మరిచిపోయిన రోజు లేదు. వాడు ఇచ్చినదేదో తీసుకుని ఇంటికి నడుస్తుంటే, దారి పొడుగునా మాదన్నపేట గల్లీ, అందులో మా ఇల్లు, ఆ ఇంటి నేల మీది సుద్దగీతలు కళ్ల ముందుకొచ్చి నిలబడ్డాయి.

మా ఇల్లు కూరగాయల మార్కెట్టు వెనక గల్లీలో ఉండేది. తెల్లవారగానే కొత్తిమీర, మెంతికూర వాసన. మధ్యాహ్నానికి అదే గాలి కుళ్లిన టమాటల వాసన మోసుకొచ్చేది. ఒకటే పెద్ద గది, వెనక వంటిల్లు, ముందు చిన్న వసారా. నేలంతా షాబాదు బండలు. ఎండాకాలం బయట నిప్పులు కురుస్తున్నా, ఆ బండల మీద నీళ్లు చల్లుకుని బోర్లా పడుకుంటే కడుపులో కూడా చల్లగా ఉండేది. ఇప్పటి మార్బుల్ ఇళ్లలో ఏసీ వేసుకున్నా నాకు ఆ సుఖం దొరకలేదు.

బాపు, అంటే మా నాన్న, కంచన్‌బాగ్ వైపు ఒక లోహాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన చదివింది ఏడో తరగతి. చేసే పని నంబర్లు కొట్టడం. కరిగించి పోసిన ప్రతి లోహపు దిమ్మకూ ఒక నంబరుంటుంది. వేలెడంత ఉక్కు పంచ్‌లు, ఒక్కోదాని కొసన ఒక్కో అంకె. పంచ్ దిమ్మ మీద ఆనించి సుత్తితో ఒక్కటిస్తే అంకె పడిపోతుంది. ఇక చెరగదు, దిద్దడానికి వీలుండదు. తప్పు పడిందా, ఏ దిమ్మలో ఏ లోహం ఉందో తెలియక మొత్తం పక్కన పడేయాలి. అందుకని వాళ్ల వర్క్‌షాపులో ఒక కట్టుబాటు ఉండేది. అంకె కొట్టేముందు పైకి గట్టిగా అనాలి. కొట్టిన తర్వాత మొదటి నుంచి అప్పటిదాకా పడిన అంకెలన్నీ మళ్లీ చదవాలి. "నోరు లేవకుండ సుత్తె లేవొద్దు" అనేవాడు బాపు. ఆయన ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా కమిలి ఉండేది. నోరు లేచినా సుత్తి పక్కకు పడ్డ రోజుల గుర్తు అది.

ఈ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. సంచిలోంచి ఉల్లిగడ్డలు తీసినా పైకి అంటూనే తీసేవాడు. అమ్మ విసుక్కునేది. "మొగడు ఇంట్ల ఉన్నట్టు లేదు, బస్ కండక్టర్ ఉన్నట్టున్నది."

నేను ఐదో తరగతి చదివిన ఏడాది పెద్ద పరీక్షలో లెక్కల్లో తప్పాను. వందకు పదకొండు. కూడికలు వచ్చు, ఎక్కాలు పాటలా వచ్చు. భాగహారం దగ్గరకొచ్చేసరికి మాత్రం కళ్లు బైర్లు కమ్మేవి. ఎంత పెట్టాలి, ఎంత తియ్యాలి, పైనుంచి ఏది దించాలి, అన్నీ కలగాపులగం అయిపోయేవి. బడి తెరిచిన వారంలో మళ్లీ ఒక పరీక్ష పెడతామనీ, అందులో కూడా తప్పితే అదే తరగతి అనీ చెప్పారు.

అమ్మ అంతకంటే ముందే తీర్మానం చేసేసింది. "అదే క్లాసుల రెండేండ్లు కూసోబెట్టనీకి నా కాడ ఓపిక లేదు. ఈసారి ఫేలైతే బడి బంద్. ఖాలా కాడ మగ్గం మీద కూసోబెడత. పనన్న వస్తది."

ఖాలా మా పక్కింటామె. జరీ పని చేసేది. కొయ్య చట్రానికి బట్ట బిగించి, నేల మీద కూర్చుని, సూదితో బంగారు తీగ కుట్టేది. ఆమె దగ్గర ముగ్గురు ఆడపిల్లలు పనిచేసేవాళ్లు. వాళ్లింట్లో ఇలాచీ చాయ్ వాసన, అగరు వాసన, కొత్త బట్ట గంజి వాసన కలిసి ఉండేవి. నాకు ఖాలా అంటే ఇష్టమే. ఆమె చేసే ఖట్టీ దాల్ అంటే ఇంకా ఇష్టం. కానీ ఆ ముగ్గురిలో పెద్దపిల్ల పొద్దున వంచిన తల సాయంత్రానికి ఎత్తేది. నేను బడి సంచి వేసుకుని పోతుంటే తలుపు సందులోంచి నన్నే చూసేది.  బడి మానేయడమంటే నాకు నిజంగా చచ్చిపోయినంత భయం.

బాపు అమ్మతో లొల్లి పెట్టుకోలేదు. నన్ను కోప్పడనూ లేదు. మొదటి షిఫ్టు దిగి మూడు గంటలకు ఇంటికొచ్చి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఎంత కడుక్కున్నా పోని ఆ మిషను నూనె వాసనతోనే నా పక్కన కూర్చున్నాడు. జేబులోంచి రెండు సుద్దముక్కలు తీశాడు.

"బిడ్డా, నాకొక సాయం జేస్తవా?"

నాకు ఆశ్చర్యమేసింది. పదకొండు మార్కుల పిల్లను సాయమడగడమేమిటి?

"నేను నౌకరిల చేరిన కొత్తల్ల మా ఇంజినీర్ సాబ్ ఒక మాట చెప్పిండు. ఒకటి నుంచి తొమ్మిది దాక అంకెలన్ని ఒక్కొక్కసారి వాడి ఒక నంబరు పేర్చాలె. మొదటి రెండంకెలు రెండుతోని పోవాలె. మొదటి మూడు మూడుతోని, నాలుగు నాలుగుతోని, గట్ల తొమ్మిది దాక పోవాలె. ఎక్కడా శేషం ఉండొద్దు. అసొంటిది దునియాల ఒక్కటే ఉన్నదట. ఏందో చెప్పమంటే 'ఎతుక్కో' అని నవ్విండు. తర్వాత ఆయన బదిలీ మీద ఎటో పోయిండు."

"మరి దొరికిందా బాపు?"

"ఏడ దొరికింది! ఆరంకెల దాక మంచిగనే వస్తది. ఏడు కాడ కాలు జారుతది. పదేండ్ల సంది గాడనే ఇరుక్కున్న. నీవి పిల్ల కండ్లు, నువ్వు జర సూడు."

పదేళ్లుగా బాపుకు దొరకనిది! అది ఎలాగైనా నేనే పట్టుకోవాలని అప్పటికప్పుడు నాకు పంతం పట్టింది. నాకు పంతం ఎక్కువ, బుద్ధి తక్కువ అని అమ్మ ఊరికే అనేది కాదు.

అలా మొదలైంది. రోజూ మూడున్నరకు నేల మీద కూర్చునేవాళ్లం. ఒక బండ నిండా తొమ్మిది గళ్లు గీశాడు బాపు. మొదటి రోజంతా నేను తోచిన అంకె తోచిన గడిలో వేసి చూశాను. ఏదీ కుదరలేదు. బాపు గోడకానుకుని బీడీ కాలుస్తూ నన్నే చూస్తూ, మెల్లగా ఒక ప్రశ్న వేశాడు.

"అయిదుతోని పోవాలంటే నంబరు చివర ఏముండాలె బిడ్డా?"

"సున్న. లేకుంటే అయిదు."

"మరి మనకాడ సున్న ఉన్నదా?"

లేదు! అంటే ఐదో గడిలో ఐదే. నేను ఎగిరి గంతేశాను. తొమ్మిది గళ్లలో సరిగ్గా నడిమి గడి నిండిపోయింది. అంత సేపూ ఎటు చూసినా అడవిలా ఉన్న దానిలో ఒక్క చెట్టు గుర్తు దొరికింది.

మరునాడు ఇంకో సంగతి దొరికింది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది గళ్ల దగ్గర సరి అంకే ఉండాలి. ఉన్న సరి అంకెలు నాలుగే. అంటే అవన్నీ అక్కడికే పోవాలి. మిగతా గళ్లలో బేసి అంకెలు. వాటంతటవే ఆడపిల్లలు ఒక వరుస, మగపిల్లలు ఒక వరుస అన్నట్టు సర్దుకున్నాయి. నాలుగో గడిలో నాలుగు పెడితే పద్నాలుగు, ముప్ఫై నాలుగు, ఏదీ నాలుగుతో పోదు. ఎనిమిది పెట్టినా అంతే. రెండో ఆరో తప్ప అక్కడ ఇంకేదీ నిలవదు. ఎనిమిదో గడిలోనూ అదే కథ. నంబరు మనం పేర్చడం లేదు, అదే తనకు కావలసిన అంకెను అడిగి తీసుకుంటోంది అనిపించేది. ఆ నంబరు మీద నాకు గౌరవం అప్పుడే మొదలైంది.

అంకెల్ని కలిపి చూస్తే మూడుతో పోతుందో లేదో తెలిసిపోతుందని బాపు చెప్పాడు. ఆ ఒక్క మాటతో నాలుగు, ఐదు, ఆరు గళ్లు కలిపి రెండు-ఐదు-ఎనిమిది గానీ, ఆరు-ఐదు-నాలుగు గానీ అయి తీరాలని తేలింది. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, సుద్దతో రాస్తూ, గౌను అంచుతో తుడిచేస్తూ ఉండేదాన్ని. గౌనంతా తెల్లగా అయ్యేది. అమ్మ మామిడికాయ తొక్కుకు ముక్కలు కోస్తూ వంటింట్లోంచి కేకేసేది. "తండ్రి బిడ్డ గల్సి ఇల్లంత సున్నం గొట్టుండ్రి! కాకి పిల్ల కాకికి ముద్దు."

రెండు వారాలకు వడబోత పూర్తయింది. దునియాలో ఎన్ని నంబర్లున్నా, మా బండ మీద పదే మిగిలాయి. ఏడు సంగతి ఒక్కటి వదిలేస్తే, ఆ పదీ అన్ని పరీక్షలూ దాటినవే. ఇక ప్రతిదానిలో మొదటి ఏడు అంకెలు తీసుకుని ఏడుతో భాగించాలి. ఏడుకు అడ్డదారి లేదు, కూర్చుని చెయ్యవలసిందే.

"రోజుకొకటి చెయ్యి. బేజారు గావొద్దు" అన్నాడు బాపు. ఆ రోజు ఏది చెయ్యాలో ఆయనే వేలు పెట్టి చూపించేవాడు. చేసిన రోజున క్యాంటీనులో తన వంతుకిచ్చిన బన్ను నాకు తెచ్చిపెట్టేవాడు. పైన చక్కెర అద్దిన గుండ్రటి బన్ను, టిఫిను డబ్బాలో అణిగిపోయి చపాతీలా ఉండేది. అంత రుచి మళ్లీ ఎక్కడా తినలేదు.

భాగించేటప్పుడు బాపు పద్ధతి ఒకటే. "అంకె దించే ముందు పైకి అను. రాసినంక మొత్తం సదువు." నేను గొంతెత్తి అరిచేదాన్ని. "ఏడు! ఏడు ఒకట్ల ఏడు! నాలుగు దించిన! నాలుగు!" గల్లీలోకి వినపడేది. ఖాలా గోడ అవతల నుంచి, "అరే బేటీ, క్యా బేచ్ రే?" అని అడిగేది, ఏమమ్ముతున్నావే అని. కానీ ఆ అరుపులోనే నాకు దారి దొరికింది. పైకి అన్న అంకె తప్పిపోదు. కళ్లు తిరగడం ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు.

ఒక దొంగపని కూడా చేశాను. మూడో రోజు 741258963 వంతు. ఏడంకెలు భాగిస్తే రెండు మిగిలింది. బయట మా జట్టు పిల్లలు కోతికొమ్మచ్చి ఆడుతున్నారు. ఆ రెండును గౌను అంచుతో తుడిచి, సున్నా పెట్టి, "దొరికింది బాపు!" అని కేక పెట్టాను. బాపు లేచి గంతేస్తాడనుకున్నా. ఆయన కదలనైనా లేదు. బీడీ పక్కన పెట్టి, "మంచిది. ఇప్పుడు ఏడుతోని తిరగ గుణించు" అన్నాడంతే. గుణిస్తే బండారం బయటపడింది. నేను ఏడవబోతే, "శేషాన్ని తుడిస్తే పోదు బిడ్డా, అది గాడనే ఉంటది" అని మళ్లీ సుద్ద చేతికిచ్చాడు. ఆ రోజూ బన్ను ఇచ్చాడు. సిగ్గుతో తిన్నాను.

ఆ పదింటిలో నాకు ప్రాణమైంది 987654321. ఎంత అందంగా మెట్లు దిగుతుందో చూడండి. అదే అవుతుందని ఖాలాతో సహా అందరికీ చెప్పేశాను. అది కూడా ఏడు దగ్గర జారింది, ఐదు మిగిలింది. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. "సక్కగున్నయన్ని పనికొస్తయా?" అని అమ్మ బలవంతాన పచ్చిపులుసు కలిపి నోట్లో పెట్టింది.

తొమ్మిది అయిపోయాయి. పదో రోజు మిగిలింది చూడ్డానికి ఏ సొగసూ లేని నంబరు. 381654729. నాకు దాని మీద ఆశ లేదు. ఇంజినీరు సాబు బాపును ఆట పట్టించాడని నిశ్చయించుకున్నాను. ముప్ఫై ఎనిమిదిలో ఏడు ఐదుసార్లు పోగా మూడు మిగిలింది. ఒకటి దించాను. అలా పోతూ పోతూ చివర ఏడు దించితే ఏడే ఉంది. ఏడు ఒకట్ల ఏడు. మిగిలింది సున్నా.

 తిరగ గుణించాను. సరిపోయింది. మళ్లీ మొదటి నుంచి చూశాను. 38 రెండుతో పోయింది. 381 మూడుతో, 3816 నాలుగుతో, 38165 ఐదుతో, 381654 ఆరుతో, 3816547 ఏడుతో, 38165472 ఎనిమిదితో, మొత్తం తొమ్మిదితో. చివర సున్నా చేరిస్తే పదితో కూడా. ఎక్కడా ఒక్క చిన్నమెత్తు మిగల్లేదు. ఏ అంకెనూ అటూ ఇటూ జరపడానికి లేదు. ఇలాంటిది ఇంకోటి లేదు, ఉండదు, అది నా చేత్తో నేనే తేల్చాను.  బాపు కళ్లు తుడుచుకుంటున్నాడు. నన్ను ఎత్తి గిరగిరా తిప్పి, "నా బిడ్డకు దొరికింది! పదేండ్ల సంది నాకు దొరకంది నా బిడ్డకు దొరికింది!" అని గల్లీలోకి వెళ్లి అందరికీ చెప్పాడు.

జూన్‌లో బడి తెరిచారు. పరీక్ష రోజు తప్పిన వాళ్లం ఏడెనిమిది మందిని ఒక గదిలో కూర్చోబెట్టారు. ప్రశ్నలు చూస్తే సగం భాగహారాలే. నాకు నవ్వొచ్చింది. పిల్లలాటలా ఉన్నాయి నాకవి. కలం పట్టుకుని మొదలుపెట్టాను. అంకె దించే ముందు నోరు లేచింది. బండ మీద నేర్చిన చదువు కదా, నోరు లేవకుండా చెయ్యి లేవదు. "అయిదు! అయిదు దించిన! యాభై అయిదు!"

లెక్కల సారు ఒకసారి కసిరాడు. నోరు మూసుకున్నాను. మూసుకుంటే అంకెలన్నీ మళ్లీ కలగాపులగమై, కళ్లు తిరిగాయి. తెలియకుండానే మళ్లీ పైకి అన్నాను. సారు వచ్చి నా కాగితం లాక్కున్నాడు. "ఎనక పిల్లకు జవాబులు చెప్తున్నవా? లే! బయటికి నడువ్!"

ఇంటికెలా వచ్చానో గుర్తు లేదు. అమ్మ అంతా విన్నది. తర్వాత, "సరే. ఎల్లుండి మంచిరోజు. ఖాలా కాడికి పో" అంది. ఖాలా అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే, ఆమె నా తల నిమిరి, "నక్కో రో బేటీ" అంది, ఏడవకు బిడ్డా అని. కానీ లోపల పనిచేస్తున్న పెద్దపిల్ల తల ఎత్తి నా వంక చూసి, పక్కకు జరిగి నాకు చోటు చేసింది. ఆ చోటు చూసి నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

బాపు మూడు గంటలకు వచ్చాడు. సంగతి విన్నాడు. చేతులు కూడా కడుక్కోకుండా నా చెయ్యి పట్టుకుని బడికి బయల్దేరాడు.

సారు ఒక్కడే కూర్చుని కాగితాలు దిద్దుతున్నాడు. బాపు చెప్పులు గుమ్మం బయట విడిచి, నల్లటి చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. 

"సార్, తప్పు నా బిడ్డది గాదు, నాది. మా ఫ్యాక్టరీల నంబరు పైకి అనకుండ కొడితే మెమో ఇస్తరు. నేను ఇంట్ల గూడ గట్లనే నేర్పిన. బడిల సప్పుడు చెయ్యొద్దని నాకు యాదికి రాలే. జవాబు ఎవ్వలకు చెప్పలే సార్. ఒక్కసారి బోర్డు కాడ నిలబెట్టుండ్రి. రాకుంటే తీస్కపోత, మల్ల మీకు మొఖం సూపియ్య."

సారు బాపును కింది నుంచి పైకి చూశాడు. తర్వాత లేచి, బోర్డు మీద ఒక పొడుగాటి నంబరు రాసి, పదిహేడుతో భాగించమన్నాడు. ఏడు కాదు, పదిహేడు! నేను బాపు వంక చూశాను. ఆయన తల ఊపాడు. గట్టిగా ఊపిరి పీల్చి గొంతెత్తాను. ఖాళీ బడంతా మారుమోగింది. నీళ్లు పట్టే ఆయా వచ్చి గుమ్మంలో నిలబడింది. చివరికి నాలుగు మిగిలింది. తిరగ గుణించి, నాలుగు కలిపి చూపించాను.

సారు మొహంలో కోపం పోయింది. "పిట్ట కొంచెం కూత ఘనం" అన్నాడు. "ఎండాకాలం నెలన్నరల గింత ఎట్ల వచ్చింది?"

నాకు ధైర్యమొచ్చేసింది. బోర్డు తుడిచి 381654729 రాశాను. దాని గొప్పంతా చెప్పాను. సారు తనూ ఒక సుద్దముక్క తీసుకుని ఒక్కో అంకె చేరుస్తూ భాగించి చూశాడు. ఏడు దాటేసరికి ఆయన చెయ్యి ఆగింది. "మంచిగుంది. కని ఇసొంటిది ఇంకోటి లేదని ఎట్ల చెప్తవ్?"

చెప్పాను. నడిమి ఐదు దగ్గర నుంచి మొదలుపెట్టి పది నంబర్ల దాకా వచ్చి, తొమ్మిది ఎందుకు పోయాయో చెప్పాను. శేషాలతో సహా అన్నీ నోటికి ఉన్నాయి. సారు కుర్చీలో కూర్చుండిపోయాడు. బోర్డు వంకే చూస్తూ అడిగాడు.

"ఎవరు తేల్చిండ్రు ఇది?"

"నేనే సార్" అన్నాను, ఛాతీ విరుచుకుని. "మా బాపుకు పదేండ్ల సంది దొరకలే. నాకు దొరికింది."

సారు బాపు వంక చూశాడు. బాపు, "అవు సార్. నా బిడ్డకే దొరికింది" అన్నాడు.

సారు రిజిస్టరు తీసి నా పేరెదురుగా పాసని రాశాడు. అమ్మ చెప్పిన ఆ మంచిరోజున నేను ఖాలా ఇంటికి కాదు, ఆరో తరగతికి పోయాను. అమ్మ కొత్త సంచి కుట్టింది. ఖాలా దాని మీద బంగారు తీగతో ఒక చిన్న పువ్వు కుట్టిపెట్టింది.

తర్వాత పది పాసై టెలిఫోను ఆపరేటరునయ్యాను. అక్కడ నంబరు పైకి చదివి చెప్పడమే నౌకరి. దేశంలో నా గొంతుకు జీతమిచ్చే చోటు అదొక్కటే ఉన్నట్టుంది. ముప్ఫై ఏళ్లు హాయిగా అరిచాను. ఎక్కడ పదిమంది చేరినా ఆ నంబరు కథ చెప్పేదాన్ని. పదేళ్లప్పుడు నేనే తేల్చానని గొప్పలు పోయేదాన్ని. బాపు పక్కనుంటే నవ్వుతూ వినేవాడు. దాన్ని ఎన్నడో ఎందరో తేల్చేశారని, పుస్తకాల్లో కూడా ఉందని తర్వాత తెలిసింది. అయినా నా గొప్ప నాకు తగ్గలేదు.

బాపు పోయిన ఏడాదికి ఒకరోజు అమ్మా నేనూ చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నాం. ఆ ఎండాకాలం మాట వచ్చింది. "పాపం బాపు, పదేండ్లు ఎతికినా దొరకలే" అన్నాను.

అమ్మ చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"ఎవ్వలకు దొరకలే? గా నంబరు నువ్వు పుట్టకముందే దొరికింది ఆయనకు. అన్నం తింటాంటె లేచి ఎంగిలి చేత్తోనే గోడ మీద రాసిండు. పప్పు మరక పడ్డదని నేను తిట్టిన. రాత్రంత నిద్రపోలే, చిన్న పిలగాని లెక్క నవ్వుకుంట కూసున్నడు."

 "మరి దొరకలేదని ఎందుకన్నడమ్మా?"

"నువ్వు ఫేలయినవ్ గదా. 'బిడ్డకు దొరకనియ్యి, నువ్వు నోరిప్పకు' అన్నడు. నేను ఒట్టేసిన. ఆయన లేడు గదా, ఇప్పుడు చెప్తే ఏమైతది."

అప్పుడు ఆ పది రోజులు గుర్తు చేసుకున్నాను. రోజూ ఏ నంబరు చెయ్యాలో వేలు పెట్టి చూపించింది బాపే. ముందే అది చూపించి ఉంటే నేను ఒక్క భాగహారంతో ఆగిపోయేదాన్ని. తొమ్మిది చేయించి, తొమ్మిది సార్లు బన్ను తినిపించి, దాన్ని ఆఖరున పెట్టాడు. నేను దొంగ సున్నా పెట్టి కేకేసినప్పుడు ఆయన ఎందుకు కదల్లేదో అప్పుడు తెలిసింది.

బాపు జీవితమంతా ఇతరులు రాసిచ్చిన నంబర్లే కొట్టాడు. తనకు తానుగా కష్టపడి సంపాదించుకున్న నంబరు ఆయనకు అదొక్కటే ఉంది. సారు "ఎవరు తేల్చిండ్రు?" అని అడిగినప్పుడు, తన ముందే నేను "నేనే" అన్నాను. ఆయన నల్లటి చేతులు వెనక్కి దాచుకుని, అవును సార్, నా బిడ్డకే దొరికింది అన్నాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు బతికాడు, ఎన్నడూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.